నాన్నకి కుడి ముక్కులో మళ్ళీ కండ, ఈసారి రిపోర్టులో ‘ఇన్వర్టెడ్ పాపిలోమా’ అని రాశారు. తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు
నాన్నకి అరవై దాటాయి. కుడి ముక్కు మూసుకుపోతోందని మూడు నాలుగేళ్ళ కిందట చూపిస్తే పాలిప్స్ అన్నారు, కెమెరా పెట్టి తీసేశారు. ఏడాదిపాటు హాయిగా ఉన్నాడు. మళ్ళీ అదే వైపు మొదలు. రాత్రిళ్ళు నోటితోనే ఊపిరి, కూర మాడినా వాసన తెలీదు, చీదితే అప్పుడప్పుడు రుమాలు మీద నెత్తుటి చార. ఈసారి వేరే డాక్టర్‌కి చూపించాం. ఆయన సీటీ తీయించి, చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపాడు. ఇన్వర్టెడ్ పాపిలోమా అని వచ్చింది. క్యాన్సర్ కాదంట, కానీ క్యాన్సర్‌ని పట్టించుకున్నంతగా పట్టించుకోవాలంట. ఇదేం మాటండీ? కాకపోతే కాదనాలి, అయితే అవునని చెప్పాలి. ఎమ్మారై కూడా రాసిచ్చాడు. బుగ్గ వెనక సైనస్ లోపలి గోడ తీసేయాలన్నాడు. అది విని అమ్మ అక్కడే కూలబడింది. మొదట ఆపరేషన్ చేసినాయన మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా?

ముక్కుసూటి
ముందు ఒకటి చెప్పండి. ఎడమవైపు ఎలా ఉంది? ఆస్తమా, అలర్జీ ఏమైనా ఉన్నాయా?

గోదారిగట్టు
ఎడమవైపు శుభ్రంగా ఉంది. ఆస్తమా లేదు. తుమ్ములు కూడా పెద్దగా ఉండవు. ఎప్పుడు చూసినా కుడివైపే గొడవ.

కడప_కారం
మా మామకూ ముక్కులో ఇట్లే కండ పెరిగింటే హోమియో వాడినాడు. రెండు పక్కలా తగ్గిపాయె. ఊరికే కత్తి పెట్టించుకునేది ఎందుకప్పా? వయసైనోళ్ళకు మత్తుమందు పడదు.

చెవిముక్కుగొంతు
@కడప_కారం, రెండు పక్కలా అన్నారు చూడండి, తేడా అంతా అక్కడే. అలర్జీతోనో ఆస్తమాతోనో వచ్చే పాలిప్స్ దాదాపు ఎప్పుడూ రెండువైపులా ఉంటాయి. స్టీరాయిడ్ స్ప్రే కొడితే తగ్గుతాయి, మానేస్తే మళ్ళీ ఉబ్బుతాయి. సీజన్ మారినా కొంత తగ్గుతాయి, తగ్గించిన ఘనత అప్పుడు ఏ మందు వాడుతుంటే దానికి వస్తుంది. పెద్దవయసు మనిషికి ఒకే వైపు కండ ఉంటే మాత్రం, వేరేదేమీ కాదని తేలేదాకా దాన్ని పాలిప్ అనకూడదని మాకు పీజీలో మొదటి నెల నుంచీ నూరిపోస్తారు.

@గోదారిగట్టు, మీ డాక్టర్ మాట వినడానికి చిరాగ్గా ఉన్నా నిజమే. ముక్కు, సైనస్‌ల లోపల ఒక పలచటి పొర ఉంటుంది. మామూలు పాపిలోమా బయటికి పొడుచుకొస్తుంది. ఇది ఆ పొర కిందికే ముడుచుకుంటూ లోపలికి పెరుగుతుంది. 1938లో రింగెర్ట్జ్ అనే పాథాలజిస్టు రాసింది ఈ లక్షణం గురించే. ఎక్కువగా నలభై నుంచి డెబ్భై ఏళ్ళ మధ్య మగవాళ్ళలో చూస్తాం. ఇది దూరాన ఉన్న అవయవాలకు పాకదు, అందుకే బినైన్, అంటే క్యాన్సర్ కాని గడ్డ. కానీ పక్కనున్న ఎముకను ఒత్తి ఒత్తి పలచన చేస్తుంది. పూర్తిగా తీయకపోతే మళ్ళీ వస్తుంది. నూటికి ఐదు నుంచి పదిహేను మందిలో దానిలోనే క్యాన్సర్ దొరకడమో, తర్వాత పుట్టడమో జరుగుతుంది. కాబట్టి “కాదు, కానీ” అన్నాడు. భయపెట్టడానికి కాదు.

ఇది ఎక్కడ వేలాడుతోందన్నది కాదు, ఎక్కడ పుట్టిందన్నదే ముఖ్యం. ముక్కు నిండా కనిపించేదంతా ఒక చిన్న చోటు నుంచి వచ్చి ఉంటుంది. చేలో గరికని కొడవలితో కోస్తే వారంలో మళ్ళీ లేస్తుంది, గడ్డతో సహా తవ్వాలి. మొదటి ఆపరేషన్‌లో కోసింది పైదే అయుండొచ్చు.

ముక్కుసూటి
డాక్టర్ గారు ఓపీలో ఇంతసేపు మాట్లాడితే రెండు వేలు వసూలు చేస్తారు, ఇక్కడ ఫ్రీ. సేవ్ చేసుకోండి.

చెవిముక్కుగొంతు
ఓపీలో ఇంతసేపు మాట్లాడితే బయట కూర్చున్నవాళ్ళు తలుపు బద్దలుకొడతారు.

కోర్టుపక్షి
మొదటి ఆపరేషన్ ఫైలు ఉందా? డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు. తీసిన కండని ల్యాబుకి పంపకుండా పారేసి ఉంటే అది నిర్లక్ష్యమే. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు.

గోదారిగట్టు
బీరువాలో వెతికితే దొరికింది. ల్యాబుకి పంపారు. “ఇన్‌ఫ్లమేటరీ పాలిప్, మాలిగ్నెన్సీ లేదు” (వాపుతో వచ్చిన కండ, క్యాన్సర్ లేదు) అని ఉంది. అంటే అప్పుడు పాలిప్పే ఉండి తర్వాత ఇలా మారిందా?

ఫార్మలిన్
ల్యాబ్ మనిషిని. మారి ఉండకపోవచ్చు. ఈ పాపిలోమా చుట్టూ, ముఖ్యంగా ముందువైపు, నిజమైన పాలిప్స్ కూడా పెరుగుతాయి, ఎందుకంటే అది దారి మూసేసి వాపు తెప్పిస్తుంది. సర్జన్ ఏ ముక్క ఇస్తే మేం ఆ ముక్కనే చూస్తాం. ముందున్న పాలిప్ ఇస్తే పాలిప్ అనే రాస్తాం, అబద్ధం కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఇప్పుడు ఆపరేషన్లు డీబ్రైడర్‌తో చేస్తారు. సన్నటి గొట్టం చివర బ్లేడు తిరుగుతుంటుంది, కోసినది కోసినట్టు సక్షన్‌లోకి లాగేస్తుంది. ఆ పైపు దారిలో జాలీ సంచి బిగిస్తే తురుమంతా అందులో ఆగుతుంది. బిగించకపోతే రక్తం, సెలైన్‌తో పాటు సక్షన్ బాటిల్లోకి పోయి అక్కణ్ణుంచి చెత్తలోకి. మా దగ్గరికి చెంచాడు వస్తుంది. ఆ చెంచాడులో లేనిది మైక్రోస్కోప్‌లో ఎలా కనిపిస్తుంది? నేను చూసిన వాటిల్లో ఒకసారి బాటిల్ నిండా తురుము పంపారు, అందులో ఒక్క ముక్కలో మాత్రం కణాలు తేడాగా ఉన్నాయి. ఆ ముక్క చెత్తలోకి పోయుంటే కథ వేరు. ఈసారి ఆపరేషన్‌కి ముందు అడగండి: కోసిందంతా ల్యాబుకి పోతుందా, మొదలు దగ్గరి ముక్కని వేరే బాటిల్లో, వేరే లేబుల్‌తో పంపుతారా అని. అడిగితే ఎవరూ కొట్టరు.

అలాగే పాత ల్యాబులో అప్పటి కండ ముక్కల్ని దాచిన మైనం బ్లాకులు ఇంకా ఉండొచ్చు. స్లైడ్లు, బ్లాకు తెచ్చుకుని ఇప్పటి పాథాలజిస్టుకి ఇస్తే మళ్ళీ చూస్తారు.

కోర్టుపక్షి
నేనూ అదే అంటున్నా. బ్లాకులు తెచ్చుకోండి. కేసుకీ పనికొస్తాయి.

ఓరుగల్లు_పోరడు
కేసు తర్వాత ముచ్చట బై. ముందుగాల ముసలాయన ముక్కు సూస్కోనియ్యి.

నలుపుతెలుపు
రేడియాలజిస్టుని. @గోదారిగట్టు, పేరు, యూహెచ్ఐడీ (ఆసుపత్రి నంబరు) చెరిపేసి కుడివైపు సీటీ ఫొటో పెట్టగలరా? కొరోనల్ అని రాసి ఉన్న షీటు.

గోదారిగట్టు
కిటికీ అద్దానికి ఆనించి తీశాను, ఇంతకన్నా బాగా రాలేదు. పేరు చెరిపేశా.

నలుపుతెలుపు
ఫిల్మ్ ఫొటో చూసి రోగం చెప్పడం పద్ధతి కాదు, కాబట్టి ఏం చూడాలో మాత్రం చెప్తాను, మీ డాక్టర్ పక్కన కూర్చుని అడగండి. కుడి బుగ్గ వెనక నల్లగా గాలి ఉండాల్సిన చోటంతా బూడిద రంగు నిండింది. మామూలుగా చూస్తే మొత్తం గడ్డే అనిపిస్తుంది. కానీ ముక్కు దారి మూసుకున్నందువల్ల లోపల చీము, జిగురు కూడా నిలవుంటాయి, సీటీలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఎమ్మారై రాసింది అందుకే. ఎమ్మారైలో టీ2 అనే రకం బొమ్మలో నిలవున్న ద్రవం తెల్లగా మెరుస్తుంది, గడ్డ అంత మెరవదు, పైగా దానిలో మడతలు మడతలుగా చారలు కనిపిస్తాయి. ఆ చారలు ఒకచోట చెరిగిపోతే అక్కడ క్యాన్సర్ ఉందేమో అని అనుమానిస్తాం.

రెండోది, సైనస్ గోడ మీద ఒకచోట ఎముక మందంగా, మేకు మొనలా లోపలికి పొడుచుకొచ్చి ఉంటే, పాపిలోమా మొదలు చాలాసార్లు అక్కడే ఉంటుంది. మీ ఫిల్మ్‌లో పక్కగోడ వైపు అలాంటిది ఉన్నట్టుంది కానీ కిటికీలో మీ పెరటి కొబ్బరాకు కూడా పడింది, కాబట్టి ఒట్టేసి చెప్పను.

ముక్కుసూటి
కొబ్బరాకుకి స్టేజింగ్ ఏమిటండీ?

నలుపుతెలుపు
దానికి లేదు గానీ గడ్డకి ఉంది. క్రౌజ్ స్టేజింగ్ అని, గడ్డ ఎంతదాకా పాకిందో చెప్పే లెక్క, 2000లో వచ్చింది. ముక్కులోనే ఉంటే టీ1. ఎథ్‌మాయిడ్ (కళ్ళ మధ్య ఉండే సైనస్), లేదా బుగ్గ సైనస్ లోపలి గోడ, పైభాగం దాకా వస్తే టీ2, ఇందాకటి ఎమ్మారై టీ2 వేరు. అదే సైనస్‌లో పక్క, కింద, ముందు, వెనక గోడలు, లేదా ఫ్రాంటల్ (నుదుటి), స్ఫినాయిడ్ (ముక్కు వెనక లోతున ఉండే) సైనస్‌లు అయితే టీ3. బయటికి పాకినా, క్యాన్సర్ తోడైనా టీ4. పక్కగోడ అంటే ఎంత చిన్నదైనా టీ3లోకి వస్తుంది, రిపోర్టులో 3 అంకె చూసి హడలిపోవద్దు. క్యాన్సర్ స్టేజి 3తో దీనికి సంబంధం లేదు.

గోదారిగట్టు
ఈ ముక్క మొదట చెప్పినందుకు దండం సార్. నిన్నంతా ఇంట్లో “మూడో స్టేజి” అనుకుంటూ తిరిగాం.

ఎడిసన్_ఎంకి
మా మావయ్యకి ఇక్కడ న్యూజెర్సీలో చేశారు. ట్యూమర్ బోర్డులో పెట్టారు, ఈఎన్‌టీ, రేడియాలజీ, పాథాలజీ అంతా కూర్చుని మాట్లాడుకున్నారు. అది బాగుంది. ఆపరేషన్ డేటు రావడానికి మాత్రం యుగం పట్టింది. ఇండియాలో ఎమ్మారై రాస్తే ఆ రోజే స్కాన్ తీసేస్తారు, ఆ విషయంలో మీరే నయం.

కడప_కారం
సరేప్పా, హోమియో వద్దనుకుందాం. కానీ కెమెరాతో చేస్తే మళ్ళీ వస్తుందంటున్నారు గదా. మొఖం మీద కోసి మొత్తం తీసేసే పాత పద్ధతే మేలు గదా? కనపడకుండా చేసేదానికన్నా కంటికి కనపడేట్టు చేసేదే గట్టి పని.

చెవిముక్కుగొంతు
ముప్పై ఏళ్ళ కిందట అందరూ మీలాగే అనేవారు. ముక్కు పక్కన కోసి తెరిచేవారు, లాటరల్ రైనాటమీ అంటారు, మచ్చ జీవితాంతం. లేకపోతే పైపెదవి ఎత్తి, చిగురు పైన కోసి, బుగ్గ ఎముకకి కిటికీ కొట్టేవారు. అది కాల్డ్‌వెల్-లూక్: న్యూయార్క్‌లో కాల్డ్‌వెల్ 1893లో, పారిస్‌లో లూక్ 1897లో ఎవరికి వారే చెప్పారు. ఇప్పటికీ అవసరపడే కేసులు ఉన్నాయి. కానీ కెమెరాతో “కనపడకుండా” చేస్తారనడం సరికాదు. 45, 70 డిగ్రీల స్కోపులతో మూల తిరిగి చూడొచ్చు, బయట నుంచి కోసినా ఆ మూలలు కంటికి ఆనవు. తర్వాత వచ్చిన ఫలితాల్లో ఎండోస్కోపీతో మళ్ళీ వచ్చేవాళ్ళు నూటికి పన్నెండు, పదిహేను మంది దగ్గర ఉన్నారు, పాత పద్ధతిలో ఇంకాస్త ఎక్కువే. అన్నిటికన్నా ఘోరం, మొదలు వదిలేసి కండ మాత్రం లాగేయడం. దాన్ని ఏ పద్ధతిలో చేసినా అంతే.

ఇప్పుడు చేసేదేమిటంటే, ముందు వేలాడే భాగాన్ని తగ్గించి, మొదలు ఎక్కడుందో వెతుకుతాం. దొరికాక చుట్టూ కొంచెం మంచి పొరతో సహా ఎముక పైనుంచి లేపేస్తాం, తర్వాత ఆ ఎముకని డైమండ్ బర్‌తో అరగదీస్తాం. ఎముక సందుల్లో ఈ పొర కణాలు దాక్కుంటాయి, మళ్ళీ మొలిచేది అక్కణ్ణుంచే. లోపలి గోడ తీసేయడం అంటే మీడియల్ మాక్సిలెక్టమీ. పక్కగోడకీ, ముందుగోడకీ చెయ్యి అందాలంటే కన్నీటి గొట్టం ముందు నుంచి వెళ్ళే దారి కూడా ఉంది. మొఖం మీద ఒక్క గీత పడదు. ఫ్రాంటల్ సైనస్‌లో బాగా పక్కకి ఉంటే మాత్రం కొన్నిసార్లు కనుబొమ దగ్గర కోయక తప్పదు, ఆ ముక్క ముందే చెప్తాం.

కడప_కారం
ముందే ఇట్ల చెప్పింటే నేను మాట్లాడేవాణ్ణే కాదు.

ముక్కుసూటి
అబ్బే, మీరు మాట్లాడబట్టేగా ఇంత చెప్పారు. ఇంకో రెండు తప్పులు మాట్లాడండి.

ఓరుగల్లు_పోరడు
నాకు గదే అయింది, గదే ఆపరేషన్. ఎవ్వలు చెప్పని ముచ్చట్లు చెప్తా. ఒకటి, మొదటి రాత్రి ముక్కుల ప్యాక్ పెడ్తరు, నోరు ఎండిపోయి నాలుక అంటుకపోతది. పక్కకు నీళ్ళ సీసా, తడి గుడ్డ పెట్టుకోండ్రి. రెండు, పైచిగురు, ముందుపండ్లు మొద్దుబారినయి. బ్రష్ చేస్తుంటే ఎవని పండ్లో తోముతున్నట్టు ఉండె. చాన రోజులు పట్టింది వాపస్ రానీకి, ఇంకా కొంచెం ఉన్నది. మూడు, లోపల పక్కులు కడతయి, వాసన కొడ్తది, ఉప్పునీళ్ళ బాటిల్‌తోని కడుగుడే కడుగుడు. మా ఆవిడ బాత్రూం వేరే చేసింది. పక్కులు తీయనీకి డాక్టర్ దగ్గరికి పోవుడు ఆపరేషన్ కన్నా యాష్టకొచ్చింది. కానీ ముక్కుతోని గాలి ఆడుతుంటే, అబ్బ, నిద్ర అంటే ఏందో తెలిసింది.

చెవిముక్కుగొంతు
చాలా ఉపయోగపడే పోస్టు. ఆ మొద్దుబారడం పళ్ళకి పోయే సన్నటి నరాలు ముందుగోడలో ఉండడం వల్ల. కొందరికి కంటి నుంచి నీళ్ళు కూడా కారతాయి, కన్నీటి గొట్టం ఆ దారిలోనే ఉంది కాబట్టి. ఇంకొకటి మర్చిపోకూడదు: ఆపరేషన్ తర్వాత ముందుకి వంగితే ముక్కులోంచి పలచటి నీళ్ళు టపటపా కారితే, అది జలుబని ఇంట్లో కూర్చోవద్దు. మెదడు చుట్టూ ఉండే నీరేమో చూడాలి. కన్ను ఉబ్బినా, చూపు మసకబారినా అదే రోజు రావాలి. చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.

గోదారిగట్టు
నాన్న గుండెకి, రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాడు. స్టెంట్ ఉంది. ఇప్పుడే ఆపేయించాలా?

చెవిముక్కుగొంతు
మీరు ఆపకండి. ఈఎన్‌టీ ఆయన కూడా తనంతట తాను ఆపకూడదు. స్టెంట్ ఎప్పుడు వేశారో గుండె డాక్టర్‌కి చెప్పి, ఏది ఎన్ని రోజులు ఆపాలో రాయించుకుని రండి. ఆపరేషన్‌ని కొన్ని వారాలు వాయిదా వేయాల్సి వచ్చినా వేయొచ్చు, ఇది రేపే తీయకపోతే ప్రాణం పోయేది కాదు. స్టెంట్ మూసుకుంటే పోతుంది.

వైజాగ్_అక్క
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎడమ ముక్కు మూసుకుపోయింది, నెలలో నాలుగైదు సార్లు ధారగా రక్తం. వేడి చేసిందని కొబ్బరినీళ్ళు, సబ్జా తాగిస్తున్నాం. స్కూల్లో యూనిఫాం తడిసిపోయి ఇంటికి పంపేశారు. ఇక్కడ బయాప్సీ బయాప్సీ అంటున్నారు కదా, వాడిక్కూడా ముక్క తీయించి ల్యాబుకి పంపాలా?

చెవిముక్కుగొంతు
అమ్మా, వద్దు. పైన చెప్పిందంతా పెద్దవాళ్ళ గురించి. ఈడొస్తున్న మగపిల్లాడు, ఒకవైపు ముక్కు మూసుకుపోవడం, పదేపదే రక్తం: ఈ మూడూ కలిస్తే మేం ముందు అనుమానించేది యాంజియోఫైబ్రోమా. అది కూడా క్యాన్సర్ కాదు, కానీ లోపలంతా రక్తనాళాలే. వాటి గోడల్లో కండర పొర సరిగ్గా ఉండదు, తెగితే మూసుకోవు. ఓపీ కుర్చీలో ముక్క తీయబోతే రక్తం ఆగక పిల్లాడి ప్రాణం మీదికొస్తుంది. స్కానే ముందు. రక్తనాళాలు కనపడేలా మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ, ఎమ్మారై. చాలావరకు వాటితోనే తేలిపోతుంది.

అన్ని రక్తాలూ అదే కాదు. పిల్లల్లో ఎక్కువ ముక్కురక్తాలు ముక్కు ముందుభాగంలో గోకడం వల్లా, ఎండిపోవడం వల్లా వస్తాయి. కానీ ఒకవైపు మూసుకుపోవడం కూడా ఉందన్నారు కాబట్టి ఈ వారమే ఈఎన్‌టీకి చూపించండి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో అయితే కోఠిలో ఉంది. ఈలోగా రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి, గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని వేళ్ళతో పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యలో తీసి “ఆగిందా” అని చూడకూడదు. ఎంతకీ ఆగకపోతే క్యాజువాలిటీకి.

నలుపుతెలుపు
అక్కా, స్కాన్‌లో మేం చూసేది: గడ్డ పుట్టేది ముక్కు వెనకాల, స్ఫినోపాలటైన్ రంధ్రం దగ్గర. అక్కణ్ణుంచి పక్కనున్న ఇరుకు సందులోకి దూరి, బుగ్గ సైనస్ వెనక గోడని ముందుకి నెడుతుంది. ఆ వంగిన గోడని హోల్‌మన్-మిల్లర్ గుర్తు అంటారు. కాంట్రాస్ట్ ఎక్కించగానే గడ్డ ధగధగమంటుంది. అదే కనిపిస్తే ఆపరేషన్‌కి ఒకటి నుంచి మూడు రోజుల ముందు తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, గడ్డకి రక్తం ఇచ్చే నాళాన్ని లోపలే మూసేస్తాం. ఎంబొలైజేషన్. ఎక్కువగా అది మెడలోని బాహ్య కెరోటిడ్ ధమని నుంచి వచ్చే మాక్సిలరీ ధమని. ఆ తర్వాత సర్జన్ కోస్తే రక్తం బాగా తగ్గుతుంది. లేట్ చేస్తే కొత్త నాళాలు తెరుచుకుంటాయి, అందుకే తేదీలు ముందే కలుపుకుంటాం.

వైజాగ్_అక్క
చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి గానీ దారి తెలిసింది. రేపే తీసుకెళ్తున్నాం. ఆడపిల్లలకి రాదా ఇది?

చెవిముక్కుగొంతు
దాదాపు రాదు. ఆడపిల్లకి వచ్చిందని రిపోర్టు వస్తే ముందు రిపోర్టునే అనుమానిస్తాం. పెద్దవాళ్ళలో గర్భిణులకి ముక్కులో ఎర్రటి చిన్న బుడిపె వచ్చి రక్తం కారడం ఉంటుంది, అది వేరు, కాన్పు తర్వాత చాలాసార్లు తగ్గిపోతుంది. పసిపిల్లల ముక్కులో గడ్డ కనిపించినా స్కాన్ లేకుండా ముట్టుకోం, మెదడు పొర కిందికి జారి ఉండొచ్చు.

పాతచెరువు
మా ఊళ్ళో ఒకతనికి ముక్కులోంచి ఎర్రటి కండ బయటికే వచ్చేసింది, పైన సన్నటి తెల్ల చుక్కలు. ముట్టుకుంటే రక్తం. ఇది కూడా ఇదేనా? గేదెల్ని కడిగే చెరువులోనే రోజూ స్నానం.

ఫార్మలిన్
ఆ తెల్ల చుక్కల వర్ణనకి రైనోస్పోరిడియోసిస్ అనుమానించాలి. గడ్డ కాదు, ఇన్‌ఫెక్షన్. దక్షిణ భారతంలో, శ్రీలంకలో బాగా కనిపిస్తుంది, నిలవనీళ్ళలో మునిగేవాళ్ళలో. మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి సంచులు, వాటినిండా గింజలు, ఒకసారి చూసినవాడు మర్చిపోడు. చాలాకాలం దాన్ని ఫంగస్ అనుకున్నారు, ఇప్పుడు ఫంగస్ కాదు అంటున్నారు. మొదలుదాకా తీసి ఆ చోటు కాల్చాలి, లేకపోతే అది కూడా మళ్ళీ వస్తుంది.

ముక్కుసూటి
ఇక్కడ ఏది తీసినా మళ్ళీ వస్తుంది. నా క్రెడిట్ కార్డు బిల్లు నయం.

నిద్రలేనోడు
నాది వేరే గొడవ. తలనొప్పికి సీటీ తీస్తే నుదుటి సైనస్‌లో చిన్న ఆస్టియోమా అని రాశారు. బఠాణీ అంత కూడా లేదు. ఒక డాక్టర్ వెంటనే తీసేయాలన్నాడు, ఇంకొకాయన మర్చిపో అన్నాడు. తలనొప్పి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటేనే వస్తుంది.

నలుపుతెలుపు
ఎముక గడ్డల్లో ఆస్టియోమా అతి సాధు జంతువు. సైనస్ సీటీలు తీసేటప్పుడు వేరే పని మీద పోయి తరచూ దీన్ని చూస్తాం. నుదుటి సైనస్‌లోనే ఎక్కువ. దారి మూయకుండా, కంటి వైపో మెదడు వైపో తోసుకుపోకుండా ఉంటే కొన్నాళ్ళకి మళ్ళీ స్కాన్ తీసి పెరుగుతోందా అని చూడడమే. మీ తలనొప్పికి అది కారణం కాకపోవచ్చు.

చెవిముక్కుగొంతు
నేనూ తీయను. ఒకటే అడుగుతాను: దవడలోనో పుర్రెలోనో ఇంకా ఇలాంటివి ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పెద్దపేగు క్యాన్సరో, పేగులో పాలిప్సో ఉన్నాయా? ఆస్టియోమాలు ఎక్కువ ఉంటే గార్డ్‌నర్ సిండ్రోమ్ అని ఒకటుంది, అప్పుడు పేగు చూపించుకోవాలి.

నిద్రలేనోడు
ఒకటే ఉంది. ఇంట్లో ఎవరికీ లేదు. కళ్ళజోడు నంబరు మార్పించుకుంటా, అంతే.

గోదారిగట్టు
ఎమ్మారై అయింది. గడ్డ సగమే, మిగతాది నిలవున్న ద్రవం అన్నారు. చారలు అంతటా ఉన్నాయట, చెరిగిన చోటు లేదు. మొదలు పక్కగోడ దగ్గరే అనుకుంటున్నారు. డాక్టర్‌ని మీరు చెప్పిన ప్రశ్నలన్నీ అడిగా, తురుము సంచి సంగతి అడిగేసరికి “ఎవరు చెప్పారు మీకు” అని నవ్వాడు. ఆయన ఓటీలో అది ఎప్పుడూ బిగిస్తారట. ఖర్చు దగ్గరే ఆగాం. ఒక్కో చోట ఒక్కో కొటేషన్, ఒకదానికొకటి పొంతన లేదు.

ఓరుగల్లు_పోరడు
కొటేషన్ల డీబ్రైడర్ బ్లేడు, దారి చూపే నావిగేషన్ మిషను, బర్ అన్నీ ఉన్నయా లేవా అని సూడు. మాకు చివరికి కన్స్యూమబుల్స్ అని వేరే బిల్లు ఏసిన్రు. తెల్ల కార్డు ఉంటే ఆరోగ్యమిత్రని అడుగు. మా దగ్గర ఆరోగ్యశ్రీ, మీ దిక్కు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ.

కోర్టుపక్షి
ఇన్సూరెన్స్ ఉంటే పాత ఆపరేషన్ సంగతి దాచొద్దు, దాచారన్న సాకొక్కటి చాలు క్లెయిమ్ కొట్టేయడానికి.

గోదారిగట్టు
పాత ల్యాబుకి వెళ్ళా, బ్లాకులు ఉన్నాయి. సంతకం పెట్టించుకుని ఇచ్చారు. మళ్ళీ చూసినాయన, ఒక మూల పాపిలోమా ఉన్నట్టే అనిపిస్తోంది, కానీ అంత కొంచెంలో ఎవరికైనా దాటిపోవచ్చు అన్నాడు. కేసు సంగతి నాన్నే వద్దన్నాడు.

కోర్టుపక్షి
రెండేళ్ళ గడువు ఎలాగూ అయిపోయినట్టుంది. ఆలస్యానికి మినహాయింపు అడగొచ్చు గానీ, సరే, పెద్దాయన ఇష్టం.

ఎడిసన్_ఎంకి
తర్వాత ఎన్నాళ్ళు చూపించుకోవాలి? మావయ్యకి ఇక్కడ ఐదేళ్ళు అన్నారు. వచ్చే ఏడు ఇండియా వచ్చేస్తానంటున్నాడు.

చెవిముక్కుగొంతు
మళ్ళీ వచ్చేవి ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలో బయటపడతాయి. కానీ ఐదేళ్ళు దాటాక వచ్చినవీ ఉన్నాయి, కాబట్టి నేనైతే ఐదేళ్ళతో ఆపను, ఏడాదికొకసారి ఎండోస్కోపీ వేసి చూస్తూనే ఉంటాను. బాధ ఏమీ లేకపోయినా రావాలి, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే పనీ చిన్నదే. మావయ్యగారిని ఆపరేషన్ నోట్స్ తెచ్చుకోమనండి. మొదలు ఏ గోడ మీద ఉందో అందులో రాసి ఉంటుంది, ఇక్కడ చూసేవాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. స్కాన్ల సీడీ కూడా.

ఎడిసన్_ఎంకి
సీడీ ఇవ్వరు, లింకు ఇస్తారు. నెలరోజులకి లింకు ఎక్స్‌పైర్.

నలుపుతెలుపు
ఇవాళే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టమనండి. డైకామ్ ఫైళ్ళు (స్కాన్ మిషను ఇచ్చే అసలు ఫైళ్ళు) కావాలి, పీడీఎఫ్‌లో బొమ్మలు కాదు.